పొగమంచులో ఒక తండ్రి

1999లో కొనామి అనే జపాన్ కంపెనీ ప్లేస్టేషన్ కోసం తెచ్చిన హారర్ గేమ్ ‘సైలెంట్ హిల్’. అంతకు మూడేళ్ళ ముందొచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’లో ఆరితేరిన పోలీసులుంటారు. ఇందులో ఉన్నది హ్యారీ అనే మామూలు రచయిత. తుపాకీ గురి కూడా సరిగా కుదరదు. తప్పిపోయిన ఏడేళ్ళ కూతురు షెరిల్‌ని వెతుక్కుంటున్నాడు.

ఊరంతా పొగమంచు. దూరంగా ఉన్న వీధుల్ని చూపించే సత్తా ఆ మెషీన్‌కి లేక కప్పిన మంచట అది! ధనుర్మాసంలో ముగ్గేస్తుంటే మా విజయనగరంలోనూ ఎదురింటి గేటు కనబడదు. కానీ మన పిల్లలు లోపల నిద్రపోతుంటారు కదా, భయమెందుకు?

షెరిల్ అతను కన్న బిడ్డ కాదు. రోడ్డు పక్కన దొరికిన పసిగుడ్డు. భార్య పోయాక ఒక్కడే పెంచుకున్నాడు. దెయ్యాలకన్నా నన్ను పట్టుకున్నది ఈ సంగతే. రేడియో గరగరమంటే ఏదో దగ్గరకొస్తోందని అర్థం. అయినా ఆ తండ్రి వెనక్కి తిరగడు.