కొండత్రోవలో మోటారు దాహము



తిరుమల కొండకు మోటారు త్రోవ ఏర్పడి యెనుబది సంవత్సరములు దాటినది. అంతకు పూర్వము యాత్రికులు అలిపిరి మెట్లమీదుగా గాని, చంద్రగిరి ప్రక్కనున్న శ్రీవారిమెట్టు మీదుగా గాని కాలినడకను కొండ యెక్కుచుండిరి. నడువజాలని వృద్ధులను డోలీలలో మోసికొని పోవుచుండిరి. 1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ గారు తొలి ఘాటురోడ్డును ప్రారంభించిరి. దానికి రూపకల్పన చేసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారని ప్రసిద్ధి. సుమారు 19 కిలోమీటర్ల నిడివిగల యా త్రోవలో, వచ్చిన దిక్కునకే మరల తిరిగినట్లుండు పెనుమలుపులు 36 కలవు.

డోలీ మోయు బోయీలు కొన్ని మెట్లెక్కగానే మండపమున డోలీ దింపి, చెమట తుడిచికొని, కడుపార నీరు త్రాగి, మరల భుజమెత్తుచుండిరి. వారి పని మోటారుకు వచ్చినది. వారి దాహమును దానికి వచ్చినది. ఆ దాహమును మనుష్యులు ఎట్లు తీర్చుచు వచ్చిరో నేడు విన్నవించెదను.

1970 ప్రాంతమున, నా బాల్యమునందు, మా తండ్రిగారితో కొండకు పోవుచుంటిని. రెండవ త్రోవ అప్పటికింకను పడలేదు. ఒక మలుపు దాటినంతనే బస్సు ముందుభాగమునుండి ఆవిరి బుసకొట్టెను. డ్రైవరు బండిని ప్రక్కకు దీసి, చక్రమునకు రాయి పెట్టించి, కొంతసేపు ఆగుదమని చెప్పెను. క్లీనరు పిల్లవాడు ఆగలేదు. చేతికి గుడ్డ చుట్టుకొని రేడియేటరు మూతను త్రిప్పెను. మరుగునీరు నిలువెత్తున ఎగజిమ్మి వాని ముంజేయియు మెడయు కాల్చెను. వాని కేక నేటికిని నా చెవులలో నున్నది. మూత బిగించియున్నంతసేపు అణగియున్న నీరు, మూత తీసినంతనే అంత యుగ్రముగా నేల మరిగెను? ఆ ప్రశ్నకు జవాబు నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

ఇంజనులో నూనె మండుటచే కలుగు శక్తిలో చక్రములకు అందునది ఇంచుమించు మూడవ పాలే. తక్కినదంతయు వేడిమియై, కొంత పొగతో బయటికి పోవును, కొంత ఇంజను గోడలకెక్కును. లోపలి మంట ఒక్కొక్క క్షణమున 2,000 డిగ్రీలు దాటును. పోత ఇనుము అంతకు చాల తక్కువ వేడిమికే కరగును. అయినను ఇంజను కరగకుండుటకు కారణము మన వంటయింటనే కలదు. అన్నపు గిన్నెలో నీరున్నంతవరకు అడుగు మాడదు. నీరింకిన పిమ్మట మాడును. ఇంజను గోడలకు రెండవ గోడ కట్టి, నడుమ నీరు నింపుటలోని రహస్యమిదియే. కొండ యెక్కునప్పుడు నూనె ఎక్కువ మండును, బండి మెల్లగా నడచును, ఎదురుగాలి తగ్గును. కావుననే మైదానమున సుఖముగా నడచిన బండి మొగిలి ఘాటునందో, భాకరాపేట ఘాటునందో ఆవిరి గ్రక్కును.

1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ తన మోటారు బండికి హక్కుపత్రము పొందెను. అందులో నీరు మరిగి ఆవిరియై ఆకాశమునకు పోవుచుండెను. పోయినంత నీటిని మరల పోయవలసి యుండెను. 1888 ఆగస్టు నెలలో ఆయన భార్య బెర్తా, భర్తకు తెలియజేయకయే, కుమారులనిద్దరిని వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరమునుండి తన పుట్టినిల్లయిన ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిమీద బయలుదేరెను. నూరు కిలోమీటర్లు మించిన ప్రయాణము. దొరికిన చోటనెల్ల నీరు పోయించుచు, ఎత్తుదారి వచ్చినప్పుడు బండిని త్రోయించుచు ఆ యిల్లాలు పుట్టింటికి చేరెను. మోటారుకు నీరును, కొండయు ఎంతటి సమస్యలో లోకమునకు తెలిపిన తొలి దూరప్రయాణమదియే.

పోసిన నీటిని పారవేయక, చల్లార్చి మరల వాడుకొనుట తరువాతి మెట్టు. 1900లో డైమ్లర్ సంస్థయందు విల్హెల్మ్ మైబాఖ్ అను నిపుణుడు తేనెపట్టువంటి రేడియేటరును నిర్మించెను. 6 మిల్లీమీటర్ల వెడల్పుగల చదరపు గొట్టములు 8,070 అందు కూర్చబడెను. గొట్టములలో గాలి, వాని చుట్టును నీరు. నీరు పలుచగా వ్యాపించి, గాలికి తన వేడిమినిచ్చి, మరల ఇంజనులోనికి పోవును. వెడల్పాటి పళ్లెములో పోసిన పాలు త్వరగా చల్లారునట్లే ఇదియు. మెర్సిడిస్ అను పేరు పెట్టిన ఆ బండి 1901 మార్చిలో ఫ్రాన్సు దేశమున నీస్ పట్టణమునుండి లా తుర్బీ కొండకు జరిగిన పందెమును గెలిచెను. కొండయే దానికి పరీక్ష పెట్టి కొండయే పట్టము గట్టినది.

1908లో వచ్చిన ఫోర్డు మాడల్ టీ బండ్లలో, తొలి కొన్ని విడిచినచో, నీటికి పంపు లేదు. ఎసరులో అడుగు నీరు వేడెక్కి తేలికయై పైకి లేచునట్లు, ఇంజనులోని నీరు తానే పైకెక్కి, రేడియేటరులో చల్లబడి క్రిందికి దిగుచుండెను. ఇంజనుల బలము పెరిగినకొలది ఆ మెల్లని నడక చాలదయ్యెను. అంతట పంపు సామాన్యమయ్యెను. పిమ్మట థర్మోస్టాటు వచ్చెను. నేటి వానిలో మైనము నింపిన చిన్న గుళిక యుండును. నీరు 80, 90 డిగ్రీల వేడి కాగానే మైనము కరిగి, ఉబ్బి, రేడియేటరు త్రోవను తెరచును. అతిశీతలమును ఇంజనుకు మేలు కాదు.

కట్టకడపట వచ్చినది బిగువు స్ప్రింగుగల మూత. మైదానమున నీరు 100 డిగ్రీలకు మరుగును. తిరుమలపై గాలి ఒత్తిడి తక్కువగుటచే ఇంచుమించు 97 డిగ్రీలకే మరుగును. అనగా ఇంజనుకు నీటి సాయము మిక్కిలి కావలసిన చోటనే నీరు ముందుగా మరుగును. మూత బిగించి లోపల మరియొక వాయుమండలమంత ఒత్తిడి నిలిపినచో, నీరు 120 డిగ్రీల వరకు మరుగదు. మూత తీసినంతనే ఆ ఒత్తిడి పోవును. 110 డిగ్రీలనున్న నీరు తటాలున ఆవిరియై ఎగయును. ఆ పిల్లవాని చేయి కాల్చినది ఇదియే. వానికి ధైర్యము కలదు, పనియందు శ్రద్ధయు కలదు. ఈ చిన్న సంగతి చెప్పినవారు మాత్రము లేరు.

నేడు మన గ్రామములలో ట్రాక్టరు లేని వీధి యరుదు. కావున మీ పిల్లలకు మూడు మాటలు చెప్పుడు. ఆవిరి వచ్చిన బండిని నిలిపి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారువరకు మూత ముట్టరాదు. కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు, ఇనుము పగులును. రెండవది, మన బోరునీటి సున్నము కాగుబిందె అడుగున పేరుకొనునట్లే రేడియేటరు గొట్టములలోను పేరుకొని వానిని పూడ్చును; శుద్ధజలము కలిపిన కూలెంటునే పోయవలెను. మూడవది, ఆ కూలెంటులోని గ్లైకాలు తియ్యగా నుండు విషము. దించిన దానిని కొట్టమున గాని, కుడితితొట్టి దాపున గాని ఉంచినచో పశువులు త్రాగి చచ్చును. పసిపిల్లలకును అంతే ప్రమాదము.

1974లో రెండవ ఘాటురోడ్డు వచ్చినది. ఇప్పుడు బండ్లు దానిమీదుగా ఎక్కి, పాత త్రోవను దిగుచున్నవి. 2022 నుండి విద్యుత్తు బస్సులును కొండ యెక్కుచున్నవి. వానిలో నూనె మంట లేదు. అయినను వాని మోటారును, బ్యాటరీని చల్లార్చవలసిన పని తీరలేదు. మీరు ఈ మారు కొండకు పోవునప్పుడు, మలుపు దగ్గర ఆవిరి గ్రక్కుచు నిలిచిన బండి కనబడి, ఎవడేని మూతమీద చేయి వేయబోయినచో, ఆగుమని ఒక్క కేక వేయుడు. అంతియే నా ప్రార్థన.