కరువు సీమలో రైలు మార్గాలు

అనంతపురం జిల్లాలో వేదవతీ నది ఒడ్డున ఉన్న పాత ఊళ్లలో కణేకల్ ఒకటి. ఈ నదిని స్థానికులు హగరి అంటారు. ఊరికి ఉత్తరాన బళ్లారి, నైరుతి దిక్కున రాయదుర్గం, ఈశాన్యాన గుంతకల్లు ఉన్నాయి. ఈ మూడు పట్టణాలలోనూ రైలు స్టేషన్లు కలవు. కణేకల్ మీదుగా మాత్రం పట్టాలు పోలేదు. దక్షిణ భారతంలోని పెద్ద జంక్షన్లలో ఒకటైన గుంతకల్లు ఇంత దగ్గరలో ఉన్నా, ఇక్కడి రైతు తన వేరుశనగ బస్తాను బండి మీదనే స్టేషనుకు చేర్చవలసి వచ్చేది. రైలు మార్గాలను ఎవరి అవసరం కోసం వేశారు, ఎవరి సొమ్ముతో నడిపారు, కరువు వచ్చిన నాడు అవి ఎవరిని ఆదుకొన్నాయి అనే ప్రశ్నలకు జవాబు వెదకడానికి కణేకల్ వంటి ఊరే తగిన చోటు.

1792, 1799 సంవత్సరాల సంధుల వల్ల టిప్పు సుల్తాన్ రాజ్యంలోని కొన్ని భాగాలు నిజాముకు దక్కాయి. 1800లో ఆయన వాటిని సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. తర్వాత రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉంది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అది అనంతపురం జిల్లాలో చేరింది. కనుక ఈ ప్రాంతపు రైల్వే చరిత్రను బళ్లారి చరిత్రతో కలిపి చూడవలసి ఉంటుంది.

హామీ వడ్డీ మీద వేసిన పట్టాలు

దక్షిణ దేశంలో ప్రయాణీకుల రైలు మొదట 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడిచింది. దీనిని నడిపిన మద్రాసు రైల్వే కంపెనీ లండన్‌లో ఏర్పడిన సంస్థ. ఆనాటి రైల్వే కంపెనీలన్నింటికీ ఏర్పాటు ఇంచుమించు ఒకటే. భూమిని ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వాటాదారుల పెట్టుబడిపై సామాన్యంగా 5 శాతం వడ్డీ వచ్చేటట్లు హామీ ఇస్తుంది. రాబడి అంతకు తగ్గితే లోటును ఖజానా నుండి పూరిస్తుంది. ఖజానాకు పెద్ద ఆదాయం భూమి శిస్తు. అంటే రైలును చూడని రైతు కూడా ఆ వడ్డీ భారాన్ని మోసినవాడే. నష్టభయం లేని కంపెనీకి పొదుపుగా కట్టవలసిన అగత్యమూ లేకపోయింది.

మద్రాసు నుండి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోనిల మీదుగా సాగిన మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. బొంబాయి, మద్రాసు రేవులను కలపడం దీని ముఖ్యోద్దేశం. సైన్యాన్ని త్వరగా తరలించడం, దూది వంటి సరుకును రేవుకు చేర్చడం, విదేశీ వస్తువులను లోపలికి తేవడం దాని ప్రధానమైన పనులు. దారిలో ఉన్న మెట్టసీమ ఆ ప్రణాళికలో నడుమ తగిలిన భూమి మాత్రమే.

పట్టాలుండీ తప్పని కరువు

ఐదేళ్లు గడిచేసరికి 1876లో వానలు పూర్తిగా తప్పాయి. 1878 వరకు సాగిన ఆ మహా క్షామానికి ఎక్కువగా బలి అయిన జిల్లాలలో బళ్లారి ఒకటి. అప్పటికే బళ్లారికి రైలు ఉంది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం రైళ్లలో లోపలికి వచ్చింది కూడా. అయినా 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లా జనం సుమారు ఐదవ వంతు తగ్గిపోయారు.

దీనికి కారణాలు స్పష్టమైనవే. ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోరాదనేది వైస్రాయి లిట్టన్ ప్రభుత్వపు నియమం. అందువల్ల ధాన్యం కొనగలిగిన వారి వద్దకు వెళ్లింది. పంటతో పాటు కూలి పనీ పోయిన వారి చేతిలో కొనడానికి డబ్బు లేదు. ఇక స్టేషను నుండి పల్లెకు సరుకు చేర్చవలసిన ఎద్దులు మేత, నీళ్లు లేక చచ్చిపోయాయి. కణేకల్ వంటి ఊళ్లకు ఈ రెండవ కారణం మొదటిదాని కంటే తక్కువది కాదు. సహాయపు పనులలో చేరిన వారికి కూడా 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడేటంతగా తగ్గించాడు. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. తర్వాత ఆ కూలిని పెంచవలసి వచ్చింది.

ఈ క్షామంతో ఒక పాత వివాదం మళ్లీ తలెత్తింది. గోదావరి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ రైళ్ల కంటే కాలువలే మేలని 1878లో పార్లమెంటు సంఘం ముందు వాదించాడు. కాలువ పంటకు నీరిస్తుంది, పడవలకు దారీ ఇస్తుంది అని ఆయన అభిప్రాయం. తుంగభద్ర నీటిని ఈ మెట్టసీమకు మళ్లించే ఆలోచన 1860 ప్రాంతంలోనే ఆయన చేసి ఉన్నాడు. ప్రభుత్వం ఆ వాదాన్ని అంగీకరించలేదు. 1880లో నివేదిక సమర్పించిన క్షామ సంఘం మరి 5,000 మైళ్ల రైలు మార్గాలు వెంటనే అవసరమని చెప్పింది.

రక్షణ మార్గాలు

కరువు నుండి కాపాడేందుకు వేసినవి గనుక వీటికి రక్షణ మార్గాలని పేరు. వీటి కోసం 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. ఖర్చు తగ్గించడానికి వీటిని మీటర్ గేజిలో వేశారు. మార్మగోవా రేవు నుండి హుబ్లీ, బళ్లారి, గుంతకల్లు, నంద్యాల మీదుగా బెజవాడ వైపు సాగిన మార్గం ఈ కంపెనీదే. గుంతకల్లు నుండి ధర్మవరం, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దుకు పోయే మార్గం 1892-93లో మొదలయింది. బళ్లారి నుండి రాయదుర్గానికి శాఖ 1905లో వచ్చింది. కణేకల్ ప్రజలకు అన్నిటికంటే దగ్గరకు వచ్చిన పట్టాలు ఇవే.

అయితే మద్రాసు, రాయచూరు మార్గం బ్రాడ్ గేజి. ఐదున్నర అడుగుల పట్టాలు, మీటరు పట్టాలు గుంతకల్లులో కలుసుకొన్నాయి. ఒక గేజి నుండి మరొక గేజికి పోవలసిన ప్రతి బస్తానూ కూలీలు దించి మళ్లీ ఎక్కించవలసిందే. గుంతకల్లు పట్టణం పెరగడానికి ఈ పని కొంత కారణమయింది. రైతు సరుకుపై అదనపు ఖర్చు పడడానికీ అదే కారణం.

నిజాం రైల్వే, హిజాజ్ రైల్వే

ఇదే కాలంలో తుంగభద్రకు ఉత్తరాన హైదరాబాదు రాజ్యంలో మరొక రైల్వే పెరుగుతూ ఉంది. వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలు నడిచింది. దానికి పెట్టుబడి నిజాముదే. 1883లో లండన్‌లో ఏర్పడిన కంపెనీకి దానిని అప్పగించి, 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. చాందా రైల్వే పథకంగా పేరొందిన ఈ ఒప్పందపు షరతులను ప్రజల ముందు పెట్టాలని డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు ఆందోళన చేశారు. అఘోరనాథ్ గారిని రాజ్యం నుండి వెళ్లగొట్టారు. ప్రజల ఖజానా పూచీ పడే అప్పు గురించి ప్రజలకు తెలియాలన్నదే వారి కోరిక.

ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు తర్వాత కాలంలో హిజాజ్ రైల్వే నిధికి చందాలు సేకరించిన వారిలో ఒకరు. ఉస్మానీ సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ హి. 1318 (క్రీ.శ. 1900)లో ప్రారంభించిన ఆ మార్గం డమాస్కస్ నుండి సుమారు 1,300 కిలోమీటర్లు సాగి హి. 1326 (క్రీ.శ. 1908)లో మదీనా చేరింది. దాని గేజి 1.05 మీటర్లు, అంటే గుంతకల్లు చిన్న పట్టాలకు దాదాపు సమానం. ఏర్పాటు మాత్రం వేరు. విదేశీ వాటాదారులకు వడ్డీ చెల్లించే షరతు దానికి లేదు. చందాలు, ఉస్మానీ ఖజానా, ప్రత్యేక పన్నులు దానికి ఆధారం. సైనిక ప్రయోజనం అందులోనూ ఉంది. ప్రపంచ యుద్ధంలో అది దెబ్బతిన్నది కూడా అందువల్లనే.

నిజాం ప్రభుత్వం 1930 ఏప్రిల్ 1న తన రైల్వేను కంపెనీ నుండి తీసుకొంది. 1932లో ఆ శాఖ కిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలయింది. రైలు స్టేషనుకూ పల్లెకూ నడుమ గల దూరాన్ని కూడా అదే సంస్థ బాధ్యతగా తీసుకోవడం గమనార్హం. 1876లో బళ్లారి సీమలో లోపించినది సరిగా ఇదే.

కంపెనీల నుండి జోన్ల వరకు

1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే ఒకటయ్యాయి. ఆ కొత్త సంస్థ నిర్వహణను 1944లో ప్రభుత్వం చేపట్టింది. 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో కలిసింది. 1956లో గుంతకల్లు డివిజన్ ఏర్పడింది. డివిజన్ పద్ధతిలో పట్టాలు, ఇంజన్లు, రాకపోకలు చూసే వేర్వేరు శాఖలు ఒకే అధికారి కిందకు వచ్చాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడగా, 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజన్ అందులో చేరింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటును 2019 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు ఈ డివిజన్‌ను దానిలో చూపారు. మీటర్ గేజి మార్గాలు క్రమంగా బ్రాడ్ గేజిగా మారడంతో గుంతకల్లులో బస్తాలు దించి ఎక్కించే పని ముగిసింది.

కణేకల్‌కు చేరినది

కణేకల్‌కు ఊరట మరొక దారిన వచ్చింది. 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు రెండూ కలిసి తుంగభద్ర ఆనకట్టకు పునాది వేశాయి. 1953లో నీరు వదిలారు. 1960 దశకంలో ఎగువ కాలువ అనంతపురం జిల్లాలోకి రావడంతో, హగరి ఇసుక గాలికి ఎగిరి పొలాలను కప్పే ఈ ప్రాంతంలో వరి పండింది. కాటన్ చెప్పిన మాట ఈ ఊరి విషయంలో వందేళ్ల తర్వాత నిజమయింది.

దీనివలన రైలు పనికిరానిదని అనుకోరాదు. కాలువ నీరు చాలని ఏళ్లు ఇక్కడ తరచు వస్తాయి. పని కోసం జనం బళ్లారికీ బెంగుళూరుకూ పోవలసి వస్తుంది. పంట అమ్మకానికి దూరపు బజారే దిక్కు. వడ్డీ హామీ మీద నడిచిన మార్గం వాటాదారుకు మొదట జవాబు చెప్పింది. ప్రజల సొమ్ముతో నడిచేది ప్రజలకు జవాబు చెప్పాలి. 1883లో హైదరాబాదులో కొందరు అడిగినది అంతే. కొత్త మార్గం ఎక్కడికి వేయాలన్న చర్చ వచ్చినప్పుడల్లా రాబడి లెక్కతో పాటు స్టేషనుకు దూరంగా ఉన్న పల్లె లెక్క కూడా చూడవలసి ఉంటుంది. 1877లో బళ్లారి స్టేషను వరకు వచ్చి ఆగిన ధాన్యం మరచిపోరాని పాఠం.