కార్ల్ బ్లోస్‌ఫెల్ట్

కార్ల్ బ్లోస్‌ఫెల్ట్ (1865–1932) జర్మనీకి చెందిన కళాబోధకుడు. లోకానికి ఫొటోగ్రాఫర్‌గానే తెలుసు. నిజానికి ఆయన నేర్చిన విద్య శిల్పం, చేసిన ఉద్యోగం పాఠం చెప్పడం. కెమెరా ఆ రెండింటికీ పనిముట్టు.

హార్జ్ కొండల్లోని షీలో గ్రామంలో పుట్టాడు. పదహారో ఏట మేగ్డెష్‌ప్రుంగ్ ఇనుప పోత కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరాడు. గేట్ల మీద, కటకటాల మీద పోతపోసే ఆకులకూ లతలకూ నమూనాలు చేయడం అక్కడే అలవడింది. తర్వాత బెర్లిన్‌లో చదువు. 1890లో మోరిట్స్ మోయ్రర్ అనే అధ్యాపకుడి వెంట రోమ్ వెళ్లాడు. అలంకార శిల్పానికి మూలం మొక్కేననీ, పాత నమూనాలకు నకళ్లు తీయడం మాని విద్యార్థి మొక్కనే చూడాలనీ మోయ్రర్ పట్టుదల. బ్లోస్‌ఫెల్ట్ అక్కడ మొక్కలకు పోత నమూనాలు చేశాడు, ఫొటోలూ తీశాడు.

బెర్లిన్‌లోని కళాపాఠశాలలో 1930 దాకా మూడు దశాబ్దాలు, సజీవమైన మొక్కను చూసి బొమ్మ చేయడం నేర్పాడు. చిక్కులు రెండు: తెచ్చిన మొక్క పాఠం ముగిసేలోగా వాడిపోతుంది, వివరాలేమో కంటికి ఆననంత చిన్నవి. అందుకే స్వయంగా తయారుచేసుకున్న కెమెరాతో గాజు పలకల మీద ఫొటోలు తీసి, కొన్నింటిని 30 రెట్ల దాకా పెద్దవి చేశాడు. తోటల్లో పెంచిన పూలు ఆయనకు అక్కర్లేదు. రోడ్డు పక్కనా రైలుకట్ట మీదా మొలిచే కలుపు మొక్కలే కావాలి. వాటిని కూడా ఉన్నదున్నట్టు తీయలేదు. అడ్డొచ్చిన ఆకును కత్తితో తీసేసి, వెనక బూడిదరంగు అట్ట పెట్టి, పగటి వెలుతురులో తీసేవాడు. గుమ్మడి నులితీగ కమ్మరి వంచిన ఇనుప చువ్వలా, చుట్టచుట్టుకున్న ఫెర్న్ చిగురు మతగురువు చేతికర్రలా కనిపించడం ఈ చెక్కుడు వల్లే. వృక్షశాస్త్రజ్ఞుడైతే ఆ ఆకు తీసేవాడు కాదు.

పేరు ఆలస్యంగా వచ్చింది. 1926లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ బెర్లిన్‌లోని తన గ్యాలరీలో ఈ ఫొటోలను ప్రదర్శించాడు. 120 ఫొటోలతో 1928లో ‘ఉర్‌ఫార్మెన్ డెర్ కున్‌స్ట్’ (కళ ఆదిరూపాలు) పుస్తకం వెలువడేనాటికి బ్లోస్‌ఫెల్ట్‌కు అరవై దాటాయి. విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ దాన్ని సమీక్షించాడు. మరుసటి ఏడు పారిస్‌లో రచయిత జార్జ్ బతాయ్ తన వ్యాసానికి ఈ బొమ్మలు వాడుకున్నాడు. విమర్శకులు బ్లోస్‌ఫెల్ట్‌ను, భావావేశం లేకుండా వస్తువును స్పష్టంగా చూపే ‘నూతన వాస్తవికత’ ఉద్యమంలో చేర్చారు. ఆ మాట పుట్టకముందే ఆయన ఇలాంటి ఫొటోలు తీస్తున్నాడు.

1932లో రెండో పుస్తకం వచ్చింది, ఆ డిసెంబరులోనే బెర్లిన్‌లో చనిపోయాడు. చిన్న ప్రింట్లను కత్తిరించి, ఒకే మొక్క రకరకాల భంగిమలను పక్కపక్కన అట్టల మీద అంటించుకున్న పని కాగితాలు ఆయన పోయిన చాలా ఏళ్లకు గానీ అచ్చుకాలేదు.