ఉపసంహారం

చాలా ఏళ్ల క్రితం నూజివీడు ప్రాంతపు బడిలో తొమ్మిదవ తరగతికి సౌప్తికపర్వ కథ చెబుతున్నాను. అశ్వత్థామ, అర్జునుడు బ్రహ్మశిరోనామకాస్త్రాలను ప్రయోగించారు. మునుల మాట మన్నించి అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. మామిడితోటల నుండి వచ్చే పిల్లవాడొకడు లేచి, “మాస్టారూ, కృష్ణుడే ఆ అస్త్రాలన్నీ లాక్కుని సముద్రంలో పారేయొచ్చుగా?” అన్నాడు. నాకు సమాధానం తోచలేదు.

మొన్న మనవడితో కలిసి ‘సూపర్‌మ్యాన్ 4’ చూస్తుంటే ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది. సూపర్‌మ్యాన్ మనకు కొత్తవాడు కాడు. 1980లోనే వి. మధుసూదనరావు గారి దర్శకత్వంలో రామారావు గారు హనుమంతుని వరంతో తెలుగు సూపర్‌మ్యాన్ అయ్యారు. 1987 నాటి ఈ ఆంగ్ల చిత్రంలో ఒక బడిపిల్లవాడు అణ్వస్త్రాలను తొలగించమని ఆ వీరునికి లేఖ వ్రాస్తాడు. అతడు వాటినన్నిటినీ వలలో మూటగట్టి సూర్యునిలోకి విసిరేస్తాడు!

కథానాయకుడు క్రిస్టఫర్ రీవ్ కథారచనలోనూ పాలుపంచుకున్నారు. ఆయన సంకల్పం మంచిదే. కాని నిర్మాణ సంస్థ ఖర్చును సగానికి పైగా తగ్గించింది. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి దృశ్యాన్ని ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో తీశారు. గాలిలేని అంతరిక్షంలో ఒక మానవకాంత సుఖంగా ఊపిరి పీలుస్తుంది! చిత్రం పరాజయం పొందింది.

అయినా అందులో ఒక సత్యం ఉంది. ప్రతినాయకుడు సూపర్‌మ్యాన్ వెంట్రుకను ఒక క్షిపణికి అమర్చి పంపుతాడు. వీరుడు దానిని కూడా సూర్యునిలోకి విసరగా, అందులోనుండే శత్రువు పుడతాడు. శివుని జటనుండి వీరభద్రుడు పుట్టిన కథ నాకు స్ఫురించింది. చివరకు, శాంతి తాను ఇవ్వగలది కాదనీ, ప్రజలే కోరి సాధించుకోవాలనీ ఆ వీరుడే ఒప్పుకుంటాడు.

అదే ఏడాది డిసెంబరు 8న రీగన్, గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణుల నిర్మూలనకు సంతకాలు చేశారు. 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. ఏ వీరుడూ విసరలేదు, చేసినవారే విరిచారు. 2019లో ఆ ఒడంబడిక రద్దయింది. కట్టినవారే విప్పుకున్నారు.

భారతం చెప్పినదీ ఇదే కదా! కృష్ణుడు పరీక్షిత్తును బ్రతికించాడు గాని, అశ్వత్థామ అస్త్రాన్ని లాక్కోలేదు. ఉపసంహారం ప్రయోగించినవాడే చేయాలి. దానికి అర్జునునికున్న నియమనిష్ఠలు కావాలి.

ఆ పిల్లవాడు ఇప్పుడు చినరసాల తోట చూసుకుంటున్నాడు. ఏటా కాయలు తెచ్చి ఇస్తాడు. ఈసారి వచ్చినప్పుడు ఆనాటి బాకీ తీర్చుకోవాలి.