ఏ వయసున ఏ చదువు?

పదవ తరగతి ఫలితములు వెలువడగానే మన ఇండ్లలో వినవచ్చు ప్రశ్న ఒకటే: "ఏ గ్రూపు తీసుకొనవలెను?" గణితము గల ఎం.పి.సి.యా, జీవశాస్త్రము గల బై.పి.సి.యా, వాణిజ్యము గల సి.ఇ.సి.యా? ఈ నిర్ణయము పదునైదు, పదునారేండ్ల వయసునకు వచ్చి నిలుచుట వెనుక కొంత చరిత్ర గలదు.

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన ఉన్నత పాఠశాలలు చాలవరకు కళాశాల ప్రవేశమునే గమ్యముగా పెట్టుకొని నడచుచుండెను. పుస్తకముపై మక్కువ గలవానికిని, పనిముట్టుపై మక్కువ గలవానికిని దారి ఒక్కటే. ఈ లోపమును పరిశీలించుటకు భారత ప్రభుత్వము 1952లో సెకండరీ విద్యా సంఘమును నియమించెను. మద్రాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు, వైద్యుడు అయిన డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు దానికి అధ్యక్షులు.

1953లో వెలువడిన నివేదికలో ఈ సంఘము ఏడు విభాగములను సూచించెను. అవి మానవీయ శాస్త్రములు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతిక విద్య, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము. భాషలు, సాంఘికశాస్త్రము, సామాన్యవిజ్ఞానము, ఒక చేతిపని అందరికిని ఉమ్మడి. పెక్కు విభాగములను ఒకే ఆవరణలో బోధించుటకు మల్టీపర్పస్ పాఠశాలలు వెలసినవి. విద్యార్థికి దారి చూపుటకు శిక్షణ పొందిన సలహాదారులు ఉండవలెనని కూడ సంఘము కోరెను.

ఆశయము గొప్పది, ఆచరణ కష్టము. ఇన్ని విభాగములకు ప్రయోగశాలలు, కార్మికశాలలు, తగిన ఉపాధ్యాయులు కావలెను. అంతకు మించిన చిక్కు వయసు. పదునాలుగేండ్ల బాలుడు తన జీవితమార్గమును తేల్చుకొనగలడా? ఆనాడు గణితమును వదలినవానికి తరువాత ఇంజనీరింగు ద్వారము మూతపడును.

భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారి అధ్యక్షతన 1964లో ఏర్పడిన విద్యా సంఘము 1966లో దీనికి మరియొక సమాధానము చెప్పెను. మొదటి పది సంవత్సరములు అందరికిని ఒకే సామాన్యవిద్య. గణితము, విజ్ఞానము అందరును చదువవలెను. విభజన ఆ తరువాతనే. 1968 నాటి జాతీయ విద్యావిధానము 10+2+3 పద్ధతిని ఆమోదించెను. ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మరియొక అడుగు ముందుకు వేసి, కళలకును శాస్త్రములకును నడుమ గట్టి గోడలు ఉండరాదని చెప్పుచున్నది.

గ్రూపు ఎంచుకొన్నంతమాత్రమున బ్రతుకు ముగిసిపోదు. వెంకటరామన్ రామకృష్ణన్ 1971లో బరోడాలో భౌతికశాస్త్రమున పట్టమును, 1976లో అమెరికాలో అదే శాస్త్రమున డాక్టరేటును పొందిన పిదప, జీవశాస్త్రము నేర్చుటకు మరల విద్యార్థిగా చేరిరి. 2009లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అయితే అట్టి మలుపునకు కాలము, ఓపిక, అవకాశము కావలెను. అవి అందరికిని దొరకవు.

కావున విద్యార్థి గ్రూపు తీసుకొనునపుడు ఏ ద్వారము తెరచుకొనుననుటతోపాటు ఏ ద్వారము మూసికొనుననునది కూడ తెలిసికొనవలెను. మొదలియారు సంఘము కోరిన సలహాదారు లేని పాఠశాలలో ఆ మాట చెప్పవలసినవాడు తరగతి ఉపాధ్యాయుడే.