పసిపిల్లల మధుమేహము - పథ్యము నడచిన త్రోవ



మధుమేహమనగానే ముదిమియు, స్థూలకాయమును మనకు స్ఫురించును. కాని యీ వ్యాధి పసివారికిని వచ్చును. వారి పథ్యము వేఱు. ఆ పథ్యము నడచిన త్రోవను నేడు మీకు మనవి చేయదలచితిని.

సుశ్రుతసంహిత పుట్టుకతో వచ్చు ప్రమేహమును, అపథ్యమువలన కలుగు ప్రమేహమును వేఱుచేసి, మొదటి రోగి కృశించుననియు, రెండవ రోగి స్థూలకాయుడనియు చెప్పినది. మొదటి రకపు మధుమేహమున క్లోమము ఇన్సులిన్‌ను దాదాపుగా పుట్టింపదని నేడు మన మెరుగుదుము. ఇన్సులిన్ దొరకకమునుపు పాశ్చాత్య వైద్యులు సైతము పిల్లలను ఆకలితో మాడ్చి కొంత యాయువును మాత్రము పొడిగింపగలిగిరి. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు తీసిన సారమును కాలిప్ శుద్ధిచేయగా, 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి అది ప్రాణము నిలిపెను. ఆకలి చికిత్సకు కాలము చెల్లినది.

అటుపిమ్మట ప్రశ్న మాఱెను: ఎంత యన్నమునకు ఎంత మందు? దీనికి ఆహారమున నేమున్నదో తెలియవలెను. కూనూరు పరిశోధనాలయమువారు 1937లో మన దేశపు ఆహారపదార్థముల పట్టికలను ప్రకటించిరి. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. వారి 2017 నాటి పట్టికలనుబట్టి 100 గ్రాముల బియ్యమున సుమారు 78 గ్రాముల పిండిపదార్థము కలదు.

అయినను లెక్క అంతటితో ముగియలేదు. పిండిపదార్థము సమానమైనను అన్ని ఆహారములును రక్తమున చక్కెరను ఒకే తీరున పెంచవని 1981లో టొరంటోలోనే జెంకిన్సు మున్నగువారు చూపిరి. వట్టి తెల్లయన్నము చక్కెరను వేగముగా పెంచును. దానిలో కొంత తగ్గించి పప్పును, ఆకుకూరను చేర్చిన పెరుగుదల నెమ్మదించును. నేయి, మాంసము మెండుగా నున్న విందు తరువాత చక్కెర మొదట తక్కువగా కనబడి, కొన్ని గంటలకు పెరుగుట కలదు.

మా రామగుండము, గోదావరిఖని ప్రాంతమున గనులు మూడు షిఫ్టులుగా నడచును. తండ్రి డ్యూటీనిబట్టి యింటి భోజనవేళ మాఱవచ్చును గాని, పిల్లవాని భోజనము వాని ఇన్సులిన్‌తో పొంతన కుదిరి యుండవలెను. వైద్యుని యడుగక మోతాదు మార్చరాదు. బిడ్డకు చెమటపట్టి, వణుకు పుట్టి, చక్కెర పడిపోయినపుడు తెలివి యున్నచో వెంటనే చక్కెరనీరు త్రాగింపవలెను. పప్పన్నము ఆ వేళకు నెమ్మది.

ఇంట మీ మాట చెల్లును. ఆకు పసరున్నదని యెవరేమన్నను ఆ సూదిమందును మాన్పింపకుడు. వ్యాధి పేరు చెప్పి బిడ్డ విస్తరిని లాగివేయకుడు. ఆ విస్తరిలో నేమేమి యెంతెంత యుండవలెనో వైద్యుని యడిగి తెలిసికొనుడు.