ఊపిరితిత్తులు వచ్చాయి, ఊపిరి రాలేదు

2013 జూన్. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పదేళ్ల పాప. పుట్టుకతో వచ్చిన సిస్టిక్ ఫైబ్రోసిస్ ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. పన్నెండేళ్లు నిండని పిల్లలకు పెద్దల ఊపిరితిత్తులు ఇవ్వాలంటే పెద్దవాళ్ల వరస అయ్యాకే అన్న నిబంధన మీద కన్నవాళ్లు కోర్టుకెక్కారు. జూన్ 5న ఫెడరల్ జడ్జి మైకేల్ బేల్సన్ వాళ్ల మొర ఆలకించారు. 12న ఆపరేషన్ జరిగింది.

కొన్ని గంటల్లోనే కొత్త ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. ఒంట్లోని రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రంతో ప్రాణం నిలిపారు. 15న మరో జత అమర్చారు.

ఇక నోట్లోని ట్యూబు తీయాలి. వెంటిలేటర్ ఒత్తిడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పీల్చే పని పిల్లకు అప్పగిస్తారు. ఆ సమయంలో నర్సు చూపు మానిటర్ మీద కన్నా పిల్ల ఒంటి మీదే ఎక్కువ. ముక్కుపుటాలు అదురుతున్నాయా? పీల్చినప్పుడల్లా పక్కటెముకల సందుల్లో చర్మం గుంటలు పడుతోందా? మార్పిడిలో నరాలు తెగిపోతాయి కనుక, లోపల కఫం పేరుకున్నా దానంతట అది దగ్గు రాదు. పనిగట్టుకుని దగ్గించాలి.

ఈ పాప యంత్రాన్ని వదల్లేకపోయింది. లోపం ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, ఉదరవితానంలో ఉంది. ఊపిరితిత్తులు వాటంతట అవి గాలి లాగవు. కింద ఆ కండరం దిగితేనే అవి విచ్చుకుంటాయి. దాన్ని నడిపే నరం గుండె పక్కగా, సరిగ్గా కత్తి ఆడే చోటే సాగుతుంది. అది దెబ్బతింటే ఎంత మంచి ఊపిరితిత్తులైనా ఏం లాభం? జూలైలో ఉదరవితానానికీ ఆపరేషన్ చేశారు. ఆపైన న్యుమోనియా. చివరికి గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చారు.

గొంతుకు గొట్టం అనగానే కన్నవాళ్ల గుండె జారిపోతుంది, ఇక ఆశ లేదనుకుంటారు. నా దృష్టిలో పిల్లకు అసలు ఊరట అక్కడే మొదలవుతుంది. నోరు ఖాళీ అవుతుంది. మత్తుమందు తగ్గించవచ్చు. లేచి కూర్చోవచ్చు, అడుగులు వేయవచ్చు. ఇవాళ కాసేపు యంత్రం లేకుండా, రేపు ఇంకొంచెం ఎక్కువసేపు. రాత్రికి మళ్లీ తగిలిస్తారు, అలిసిన కండరానికి నిద్ర కావాలి కదా. తొందరపెడితే వారం కష్టం ఒక్కపూటలో పోతుంది.

ఆగస్టు 27న పాప ఇంటికి చేరింది. గొంతులో గొట్టం అలాగే ఉంది. యంత్రం సాయం కూడా ఉంది. మిగిలిన సాధన ఇంట్లోనే మొదలుపెట్టారు.